మన ఊరి చర్చి చరిత్ర: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చర్చి వార్షికోత్సవం దగ్గరపడితే చాలు, అవే సందేహాలు మళ్లీ మొదలవుతాయి. సావనీరు వేయాలి, ఫ్లెక్సీ మీద స్థాపన సంవత్సరం రాయాలి, పాస్టరు గారు ప్రసంగంలో పాత సంగతులు నాలుగు చెప్పాలి. ఎవరిని అడిగినా తలా ఒక సంవత్సరం చెబుతారు. కనిగిరి, పొదిలి, కందుకూరు, ఉదయగిరి లాంటి చిన్న పట్టణాల్లోనూ వాటి చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉన్న పాత సంఘాలను దృష్టిలో పెట్టుకుని ఈ జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## ఏ మిషన్, ఎవరి మిషన్?

మాది మెథడిస్టు చర్చి అని తాతయ్య అనేవారు. మన జిల్లాల్లో మెథడిస్టులు ఉన్నారా?

పాత పల్లె సంఘమైతే అది మెథడిస్టుది అయ్యే అవకాశం తక్కువ. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ వెస్లీ నడిపిన ఉద్యమం నుంచి పుట్టింది మెథడిస్టు సంఘం. తెలుగు నేల మీదికి అది రెండు దారుల్లో వచ్చింది. బ్రిటిష్ వెస్లియన్లు మెదక్ కేంద్రంగా పనిచేశారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి వాళ్లు కట్టినదే. అమెరికన్ మెథడిస్టులు హైదరాబాదు, వికారాబాదు, బీదర్ వైపు నిలదొక్కుకున్నారు. ఇవన్నీ అప్పటి నిజాం రాజ్యంలోనివి. ఇటు నెల్లూరు, ఒంగోలు ప్రాంతం అమెరికన్ బాప్టిస్టులది. ఒకరు పనిచేస్తున్న చోటికి మరొకరు వెళ్లకూడదని మిషన్ల మధ్య ఒప్పందం ఉండేది. అందుకే ఒకే జిల్లాలో ఊరూరా ఒకే శాఖ చర్చి కనిపిస్తుంది.

తేల్చుకోవాలంటే సంఘం పాత మినిట్స్ పుస్తకం తెరవండి. బిషప్పు, జిల్లా సూపరింటెండెంటు, సర్క్యూట్, వార్షిక కాన్ఫరెన్సు అన్న మాటలు తరచుగా వస్తుంటే అది మెథడిస్టు. డీకన్లు, ఫీల్డు, అసోసియేషన్ అన్న మాటలు, ఊహ తెలిసినవాళ్లకు నీళ్లలో ముంచి ఇచ్చిన బాప్తిస్మాలు కనిపిస్తే బాప్టిస్టు. పసిపిల్లల బాప్తిస్మం ఉన్నంత మాత్రాన మెథడిస్టు అని తీర్మానించకండి, లూథరన్లలోనూ దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)లోనూ ఆ పద్ధతి ఉంది.

మరి ఏ ప్రాంతం ఏ మిషన్ కింద ఉండేది?

స్థూలంగా చెప్పాలంటే నెల్లూరు పట్టణం నుంచి ఉత్తరాన ఒంగోలు దాకా, పడమట కనిగిరి, పొదిలి, కంభం, మార్కాపురం దాకా అమెరికన్ బాప్టిస్టులు. దక్షిణాన సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి వైపు జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు. వాళ్ల పని 1865లో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు శత్రుదేశస్థులయ్యారు కాబట్టి ఆ సంఘాలు అమెరికన్ లూథరన్ల చేతికి వెళ్లాయి. ఒంగోలు దాటి గుంటూరు వైపు వెళితే మళ్లీ లూథరన్లే, కానీ వాళ్లు వేరే మిషన్. 1842లో గుంటూరులో పని మొదలుపెట్టిన అమెరికన్ లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ వారసులు వాళ్లు. కథోలిక సంఘాలు ఈ రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి, నెల్లూరు మేత్రాసనం (ఒక కథోలిక బిషప్పు కింద ఉండే ప్రాంతం) 1928లో ఏర్పడింది. బిట్రగుంట లాంటి రైల్వే ఊళ్ల సంగతి వేరు. ఉద్యోగాల కోసం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు తమ తమ శాఖలను వెంట తెచ్చుకున్నారు.

మాది సి.ఎస్.ఐ. కిందికి ఎందుకు రాలేదు?

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, బ్రిటిష్ మెథడిస్టులు, అంతకుముందే ఏకమై ఉన్న ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు అందులో చేరాయి. బాప్టిస్టులు, లూథరన్లు బయటే ఉండిపోయారు. ప్రతి స్థానిక సంఘమూ తన వ్యవహారం తానే చూసుకోవాలన్నది బాప్టిస్టుల పద్ధతి. పైన బిషప్పు ఉండటం వాళ్లకు సరిపడదు. అయితే అధికారం పెత్తందారుల చేతికి పోవడానికి బిషప్పే ఉండనక్కరలేదని మన సంఘాల ఎన్నికలు చూసినవాళ్లకు తెలుసు.

## తొలి రోజులు

‘లోన్ స్టార్ మిషన్’ అంటే ఏమిటి? టెక్సస్ వాళ్లు పెట్టినదా?

టెక్సస్‌తో ఏ సంబంధమూ లేదు. శామ్యూల్ డే అనే బాప్టిస్టు మిషనరీ 1836లో మన దేశానికి వచ్చి, విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి, 1840లో నెల్లూరు చేరాడు. 1841లో పెన్నలో మొదటి తెలుగు బాప్తిస్మం, 1844లో నెల్లూరు సంఘం. ఆ తరవాత ఏళ్ల తరబడి చెప్పుకోదగ్గ ఫలితం లేదు. ఇంత ఖర్చు దండగ, మూసేద్దామని అమెరికాలోని పెద్దలు ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చర్చించారు. 1853లో ఆల్బనీ సభలో ఆ చర్చ జరిగినప్పుడు మిషన్ల పటంలో తెలుగు దేశం మీద ఒకే ఒక్క నక్షత్రం గుర్తు ఉంది, అది నెల్లూరు. దాన్ని ఎవరో ‘ఒంటరి నక్షత్రం’ అన్నారు. శామ్యూల్ స్మిత్ అనే పాస్టరు ఆ రాత్రి దాని మీద ఒక పద్యం రాసి మర్నాడు సభ ముందు పెట్టడంతో మిషన్ నిలబడింది, పేరు కూడా నిలబడింది.

1862లో మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లిన లైమన్ జ్యూయెట్, మీరు పంపకపోయినా నేను వెళ్లి అక్కడే చస్తానని భీష్మించాడు. అలాగైతే పాతిపెట్టడానికైనా ఒక మనిషి తోడుండాలి కదా అని బోర్డు వాళ్లు అన్నారని చెప్పుకుంటారు. ఆ తోడుగా వచ్చిన మనిషే జాన్ ఎవరెట్ క్లౌ.

ఒంగోలు ప్రార్థన కొండ కథ నిజమేనా?

నిజమే. 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థన చేశారు. ఆ ముగ్గురిలో జూలియా అనే స్త్రీ ఉంది. మన సావనీర్లలో దొర, దొరసాని పేర్లు పెద్ద అక్షరాల్లో వేసి ఆ ముగ్గురినీ ‘మరి కొందరు’ అని సరిపెడతారు. ఆ అలవాటు మానుకోవడం మంచిది.

మన ప్రాంతంలో క్రైస్తవ్యాన్ని మొదలుపెట్టింది క్లౌ దొరే కదా?

ఫొటో ఆయనదే ఉంటుంది కాబట్టి అలా అనిపిస్తుంది. నిజానికి పల్లెల్లోకి దాన్ని నడిపించిన మనిషి ఎర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు పడమట సుమారు 60 కిలోమీటర్ల దూరంలో తాళ్ల కొండపాడులో తోలు పని చేసుకునే మాదిగ కుటుంబం ఆయనది. అంతకు ముందు నుంచే ఆయనకు గురువులు, యోగ సాధన, తత్వాలు పాడే బృందాలతో పరిచయం ఉంది. తనకంటూ శిష్యులు కూడా ఉండేవారు. తోళ్ల వ్యాపారానికి ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడ మిషనరీల నోట కొత్త బోధ విన్నాడు. 1866లో జ్యూయెట్ చేతుల మీదుగా ఆయన, ఆయన భార్య బాప్తిస్మం పొందారు.

క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది ఆ ఏడాది సెప్టెంబరులో. అంటే దొర బండి దిగేసరికే పేరయ్య ఊరూరా తిరిగి చెబుతున్నాడు. 1867 జనవరి 1న 8 మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో క్లౌ తాళ్ల కొండపాడు వెళ్లాడు. పేరయ్య పిలుపు మీద చుట్టుపక్కల ఊళ్ల జనం సద్దిమూటలు కట్టుకుని వచ్చి చింతతోపులో కూర్చుని ఉన్నారు. కొద్ది రోజులు బోధ విన్నాక వాళ్లలో 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ 28 మంది బంధుత్వాల వెంట, పెళ్లిళ్ల వెంట, సంతల వెంట పాకినదే ఈ జిల్లాల పల్లె క్రైస్తవం. మీ ఊరికి అది ఏ అల్లుడి వెంట వచ్చిందో కనుక్కోండి, దొర ఎప్పుడు వచ్చాడన్నది తరవాతి సంగతి.

మన సంఘాల్లో ఎక్కువమంది ఒకే కులం వాళ్లు ఎందుకున్నారు?

ఈ ప్రశ్న నలుగురిలో అడగరు, విడిగా అడుగుతారు. క్లౌ ఒంగోలు వచ్చిన కొత్తలో ఆయన దగ్గరికి వచ్చి మాట్లాడినవాళ్లలో బ్రాహ్మణులు, ఇతర పై కులాల వాళ్లు ఉన్నారు, వాళ్ల పిల్లలు ఆయన పెట్టిన బడికి వచ్చేవారు. తాళ్ల కొండపాడు మాదిగలను చేర్చుకున్నాక, వాళ్లు ఉంటే మేము రామన్నారు. పిల్లలను బడి మాన్పించారు. ఎటు తేల్చుకోవాలో తెలియక మథనపడిన రోజున క్లౌకు, పక్క గదిలో ఉన్న ఆయన భార్య హ్యారియట్‌కు, ఒకరికి తెలియకుండా ఒకరికి, బైబిలులో ఒకే చోట పుట తెరుచుకుందట: కొరింథీయులకు మొదటి పత్రిక 1వ అధ్యాయం, 26వ వచనం నుంచి. లోకం తృణీకరించినవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం అది. అక్కడితో నిర్ణయం అయిపోయింది.

ఒక కుటుంబం చేరితే వియ్యపువాళ్లు చేరతారు. పెళ్లి సంబంధాలు కులంలోనే కాబట్టి సంఘమూ ఆ కులం గీత లోపలే పెరిగింది. బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ కావడానికి ఇదే కారణం. కులాన్ని వదలమని చెప్పిన మతమూ కులం వేసిన బాటలోనే నడిచిందన్నది మింగుడుపడని నిజం. దాన్ని సావనీరులో దాచనక్కరలేదు.

చేరినవాళ్లకు మిషన్ పెట్టిన నియమాలేమిటి?

మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇప్పుడు చదివితే ఇవి సాదా ఆదివారం బడి పాఠాల్లా ఉంటాయి. అప్పటి ఊరి కట్టుబాటులో ఒక్కొక్కటీ ఒక తిరుగుబాటు.

ఊళ్లో పశువు చస్తే ఈడ్చుకుపోవడం మాదిగల బాధ్యత, దాని తోలు, మాంసం వాళ్ల హక్కు. ఆ తోలుతోనే రైతుకు చెప్పులు, మోటబావికి తిత్తులు, ఎద్దులకు వారులు తయారయ్యేవి. బదులుగా కళ్లంలో ఇన్ని గింజలు కొలిచేవారు. మాంసం ముట్టబోమంటే ఊరికి అనుమానం: రేపు కళేబరం కూడా ఎత్తబోమంటారేమో? ఇక విగ్రహాలకు మొక్కబోమంటే అమ్మవారి జాతరలో డప్పు కొట్టేవాళ్లు లేరు. కోతల రోజుల్లో ఆదివారం పనికి రామంటే ఆసామికి ఒళ్లు మండింది. బావుల మీద ఆంక్షలు, మేత బీళ్లలోకి పశువులను రానీయకపోవడం, లేనిపోని కేసులు, వెట్టికి బలవంతంగా ఈడ్చుకుపోవడం, ఇవన్నీ ఆ మూడు నియమాల ఫలితాలే. మీ ఊరి పాత కథల్లో ‘మనవాళ్లను ఫలానా ఏడు బావి దగ్గరికి రానీయలేదు’ అన్న మాట వినబడితే దాన్ని వదలకండి. సంఘం పుట్టిన ఏడాదికి అది చాలా దగ్గరగా ఉంటుంది.

## కరువు కాలం

కరువులో గంజి కోసమే మతం మారారని వెక్కిరిస్తారు. ఏం జవాబు చెప్పాలి?

1876–78 కరువు మద్రాసు రాజధానిని (ప్రెసిడెన్సీని) తుడిచిపెట్టింది. లక్షలాది మంది చచ్చిపోయారు. ఆ సమయంలో ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని కరువు పనిగా చేపట్టింది. మిషనరీ కాకముందు సర్వే పని నేర్చుకున్న క్లౌ అందులో మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తెలుగు బోధకులు మేస్త్రీలై పని చేయించారు. తట్ట మోసిన మనిషికి కూలి చేతిలో పడేది. అలసి కూర్చున్న వేళ ఆ మేస్త్రీలే వాళ్ల పక్కన కూర్చుని మాట్లాడేవారు, కష్టసుఖాలు వినేవారు. మాలైనా మాదిగైనా పేరు పెట్టి పిలిచిన మేస్త్రీని కూలివాడు అంతకు ముందు చూసి ఉండడు.

ఆరోపణకు సూటి జవాబు తేదీల్లో ఉంది. కరువు సాయం నడిచినన్నాళ్లు, సుమారు 15 నెలలు, క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదనే ఆపాడు. పంచడానికి డబ్బు ఇక లేదని, సాయం అయిపోయిందని చెప్పాక కూడా జనం వెళ్లలేదు. అలాగని కరువుకూ ఈ చేరికకూ సంబంధమే లేదనడం కూడా సరికాదు. చావు బతుకుల మధ్య ఎవరు మనిషిగా చూశారో జనం గుర్తుపెట్టుకున్నారు. ఆకలితో ఉన్నవాడికి నమ్మకం ఉండదనుకోవడం కడుపు నిండినవాళ్ల ఆలోచన.

ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం సాధ్యమేనా?

సాధ్యమే, లెక్క చాలా సాదా. ఒంగోలుకు ఉత్తరాన సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, మద్రాసు రోడ్డు గుండ్లకమ్మ నదిని దాటే చోట, వెల్లంపల్లి దగ్గర 1878 జులై మొదటి వారంలో ఇది జరిగింది. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజులకు 3,536. నీళ్లలోకి దిగింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కసారి ఇద్దరు నీళ్లలో ఉంటే మిగతావాళ్లు సేద తీరేవారు, గుమాస్తాలు ఒడ్డున పేర్లు చదివేవారు. పొద్దున మొదలుపెట్టి, మధ్యాహ్నం ఆపి, మళ్లీ సాయంత్రం దాకా. ఏ ఊరి జనాన్ని ఆ ఊరి బోధకుడే ముందుగా విచారించి పేరు రాయించాడు కాబట్టి అది గుంపుగా నీళ్లు చల్లిన తంతు కాదు. ఆ ఏడాది చివరికి కొత్తగా చేరినవాళ్లు 9,606 మంది. 1882 నాటికి ఒంగోలు సంఘం సభ్యుల సంఖ్య 20 వేలు దాటింది.

మీ ఊరి పెద్దలు ‘మా ముత్తాత వెల్లంపల్లిలో మునిగాడు’ అంటే కొట్టిపారేయకండి. ఆ రోజుల్లో జనం చాలా దూరం నుంచి నడిచి వచ్చారు.

## గుడిసె నుంచి మందిరం దాకా

మా చర్చి భవనం కంటే ముందు ఆరాధన ఎక్కడ జరిగేది?

చాలా పల్లెల్లో చెట్టు కింద, తరవాత తాటాకు కప్పిన మట్టిగోడల బడిలో. పగలు బడి, ఆదివారం గుడి. పంతులే బోధకుడు, ఆయన భార్య ఆడవాళ్లకు చదువు చెప్పేది. పిల్లలు పగలు గొడ్లు కాయాలి కాబట్టి ఎన్నో చోట్ల బడి రాత్రి నడిచేది: ఆముదం దీపం చుట్టూ పది మంది, పలకల మీద ఓనమాలు. రాళ్లతో, గానుగ సున్నంతో, తాటి దూలాల మీద మంగుళూరు పెంకులు పరిచిన మందిరం లేచింది చాలాకాలం తరవాత, ఎక్కువ చోట్ల రెండో తరంలో. గంట కొనలేని ఊరు రైలు పట్టా ముక్క వేలాడదీసుకుని మోగించేది. మీ ఊళ్లో ఆ పట్టా ముక్క ఇంకా ఉంటే పాత సామానువాడికి వేయకండి.

ఆడవాళ్ల పేర్లు పాత కాగితాల్లో ఎందుకు దొరకవు?

దొరుకుతాయి, వెతికే చోటు వేరు. మగ బోధకుల పేర్లు వార్షిక నివేదికల్లో ఉంటాయి. బైబిలు స్త్రీల పేర్లు జీతాల జాబితాల్లో, మహిళా మిషన్ పత్రికల్లో, బాలికల బడి హాజరు పట్టీల్లో ఉంటాయి. మగవాళ్లు కాలు పెట్టలేని ఇళ్లలోకి వెళ్లి ఆడవాళ్లకు అక్షరాలు నేర్పింది వాళ్లే. సమాధుల మీద చూడండి. ‘ఫలానావారి భార్య’ అని కాక సొంత పేరుతో పలక ఉందంటే ఆమె సంఘంలో ఏదో పని చేసిన మనిషై ఉంటుంది.

బడులు, ఆసుపత్రులు ఎక్కడెక్కడ పెట్టారు?

బోధకులను తయారుచేసే వేదాంత పాఠశాల 1872లో రామాయపట్నంలో మొదలైంది. ఇప్పుడు ఓడరేవు పేరుతో వార్తల్లోకి వస్తున్న ఊరు అదే. ఒంగోలులో ఉన్నత పాఠశాల, క్లౌ స్మారక ఆసుపత్రి, నెల్లూరులో స్త్రీల ఆసుపత్రి, బాలబాలికల ఉన్నత పాఠశాలలు వచ్చాయి. పశ్చిమ తాలూకాల పల్లె పిల్లలు బోర్డింగు బడులకు వెళ్లి పంతుళ్లుగా తిరిగొచ్చారు. మన జిల్లాల్లో దళిత కుటుంబాల్లో మొదటి తరం ఉద్యోగులు ఎక్కువగా పంతుళ్లూ నర్సులూ కావడం వెనక ఉన్నది ఇదే.

కావలిలో మిషన్ వాళ్లు ఎరుకలవాళ్లను నిర్బంధించారంటారు. నిజమా?

నిజం. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన కుటుంబాలను సెటిల్‌మెంట్లలో ఉంచి, వాటి నిర్వహణను ప్రభుత్వం మిషన్లకు అప్పగించింది. స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు వెళితే, కావలి సెటిల్‌మెంటు అమెరికన్ బాప్టిస్టులకు వచ్చింది. శామ్యూల్ బాడెన్ దాన్ని నడిపాడు. బడి, వైద్యం, చేతిపనులు ఉన్న మాట వాస్తవమే. రోజూ హాజరు పలకడం, చీటీ లేకుండా ఊరు దాటకూడదనడం కూడా అంతే వాస్తవం. మిషన్ చరిత్రల్లో దీన్ని సేవగా రాసుకున్నారు. ఎరుకల కుటుంబాల నోట అది జైలే. ఇద్దరి మాటా సావనీరులోకి ఎక్కాలి.

దొరలు ఎప్పుడు వెళ్లిపోయారు? ఇప్పుడు సంఘాలు ఎవరి కింద ఉన్నాయి?

స్వాతంత్ర్యం తరవాత మిషనరీలు క్రమంగా తగ్గారు. 1962లో నెల్లూరు కేంద్రంగా ‘తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం’ ఏర్పడి బాధ్యతలు స్వీకరించింది. కాకినాడ వైపు ఉన్న కెనడియన్ బాప్టిస్టు సంఘాలది వేరే వ్యవస్థ. ఆ రెంటినీ కలిపి రాయకండి.

## మన సంఘం చరిత్ర రాయడం

స్థాపన సంవత్సరంగా దేన్ని తీసుకోవాలి?

ఊళ్లో మొదటి బాప్తిస్మం ఒక తేదీ. సంఘంగా వ్యవస్థీకరించడం ఇంకో తేదీ. మందిరం శంకుస్థాపన, ప్రతిష్ఠ మరో రెండు. నాలుగూ వేర్వేరు సంవత్సరాలు కావచ్చు. తగువులన్నీ ఇక్కడే పుడతాయి: ఒకరు బాప్తిస్మం లెక్కేస్తారు, ఒకరు రాతి పలక లెక్కేస్తారు. నా మాట వింటే సంఘంగా వ్యవస్థీకరించిన తేదీనే స్థాపన అనండి, మిగతా మూడూ పక్కన రాయండి. పక్క ఊరికంటే పాతది కావాలన్న పంతంతో ఏళ్లు వెనక్కి జరపకండి. ఒంగోలు సంఘమే 1867లో పుట్టినప్పుడు, పడమటి పల్లెలో 1850 అని ఫ్లెక్సీ వేస్తే చూసినవాళ్లు నవ్వుతారు.

చర్చి పెంకు మీద 1865 అని ఉంది. అంటే అప్పుడే కట్టారనేగా?

కాదు. పాత మంగుళూరు పెంకుల వెనక వైపు బాసెల్ మిషన్ కార్ఖానా పేరుతో పాటు 1865 అని అచ్చు ఉంటుంది. అది కార్ఖానా వాళ్లు తమ గుర్తుగా వేసుకున్న సంవత్సరం. ఆ తరవాత ఎన్నో ఏళ్లపాటు అదే అచ్చుతో పెంకులు చేశారు. ఒక పెంకు జారి పడినప్పుడు దొరికిన అంకెతో శతాబ్దిన్నర ఉత్సవాలు పెట్టుకోకండి. గంట మీద పోత పోసిన సంవత్సరం కొంత నయం, కానీ అది గంట వయసే. వేరే ఊరి చర్చి నుంచి తెచ్చినది కూడా కావచ్చు.

పాత కాగితాల్లో మా ఊరు వేరే జిల్లాలో ఉందేమిటి?

జిల్లాలే మారాయి. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలో, తరవాత 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉంది. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి 1970 దాకా నెల్లూరులోనే ఉన్నాయి. మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు నుంచి వచ్చాయి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో కందుకూరు ప్రాంతాన్ని నెల్లూరులో కలిపారు. అందుకని 1890 నాటి కనిగిరి సంగతికి నెల్లూరు జిల్లా దస్తావేజుల్లో, అదే ఏటి కంభం సంగతికి కర్నూలు దస్తావేజుల్లో వెతకాలి.

మిషన్ రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

అమెరికన్ బాప్టిస్టుల ఉత్తరాలు, నివేదికలు అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. వెస్లియన్ మెథడిస్టు పత్రాలు లండన్‌లో సోయాస్ గ్రంథాలయంలో, అమెరికన్ మెథడిస్టులవి న్యూజెర్సీలోని డ్రూ విశ్వవిద్యాలయంలో. అంత దూరం వెళ్లనక్కరలేదు. 19వ శతాబ్దపు మిషన్ మాసపత్రికలు, వార్షిక నివేదికలు చాలావరకు స్కాన్ అయి ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఊరి పేరును ఇప్పటి ఇంగ్లీషు స్పెల్లింగుతో వెతికితే దొరకదు. దొరలు చెవికి తోచినట్టు రాశారు, ఒకే ఊరికి ఒకే నివేదికలో రెండు రకాలుగా కూడా. పక్కనున్న పెద్ద ఊరి పేరుతో వెతికి, ఆ పుటలు ఓపికగా చదవడమే దారి.

తాతగారి పెళ్లి రిజిస్టరు చర్చిలో పోయింది. ఇంకెక్కడైనా ఉంటుందా?

ఉండే అవకాశం ఉంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న పాస్టరు జరిపిన పెళ్లి వివరాలను రిజిస్టరులో నమోదు చేసి, ఒక ప్రతిని వివాహాల రిజిస్ట్రారుకు పంపాలి. కాబట్టి ప్రభుత్వ రికార్డులో ప్రతి ఉండవచ్చు. అడిగేటప్పుడు వధూవరుల బాప్తిస్మపు పేర్లతో పాటు పాత పేర్లు, ఇంటిపేరు, పెళ్లి జరిగిన ఏడాది సుమారుగానైనా రాసివ్వండి.

చర్చి స్థలం కాగితాలు ఎలా చూసుకోవాలి?

ముందు సర్వే నంబరు పట్టుకోండి. తహసీల్దారు కార్యాలయంలో పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అడంగల్, కొలతల పుస్తకం అడిగితే ఆ నంబరు ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయండి. కంప్యూటర్లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి చేతిరాత పుస్తకాల్లో వెతికించుకోవాలి. అసలు దస్తావేజు మిషన్ పేరునో ట్రస్టు పేరునో ఉంటే, సంఘ పెద్దలు అనుభవంలో ఉన్నారు కదా అని అమ్మడానికి వీల్లేదు. ఈ జిల్లాల్లో కోర్టులకెక్కిన చర్చి తగాదాల్లో చాలా భాగం ఇలాంటి అమ్మకాలవే. దొరికిన ప్రతి కాగితానికీ మూడు నకళ్లు తీయించి, ఒకటి పాస్టరు గారి దగ్గర, ఒకటి సంఘం బీరువాలో, ఒకటి సంఘం పదవుల్లో లేని వ్యక్తి ఇంట్లో ఉంచండి.